ఇంజను కాలితే సరంగుదేనా తప్పు?

రైతు కూలీల సమస్యలు రాసే ఈ శీర్షికలో పడవ ఇంజను సంగతి ఎందుకని కొందరికి అనుమానం రావచ్చు. పల్నాడు అనగానే మిరప తోటలు, పత్తి చేలు, నాపరాతి గనులు, పిడుగురాళ్ళ సున్నపు బట్టీలు గుర్తుకొస్తాయి గాని పడవ గుర్తుకు రాదు. అయితే ఒక్కసారి జిల్లా పటం ముందు పెట్టుకుని చూడండి. మాచర్ల పైన సాగర్ జలాశయం మొదలుకొని రెంటచింతల, దాచేపల్లి, మాచవరం, బెల్లంకొండ, అచ్చంపేట మండలాల పొడుగునా మనకు హద్దు కృష్ణానదే. అచ్చంపేట మండలం మాదిపాడు రేవులో బల్లకట్టు ఎక్కితే అవతల ముక్త్యాలలో దిగుతాం. అదే వంతెన దాకా చుట్టు తిరిగి పోవాలంటే పూట కూలి దారి ఖర్చుకే సరిపోతుంది. మిరపకోతల రోజుల్లో, పత్తి తీతల రోజుల్లో ఏరు దాటి పనికిపోయే ముఠాకు పడవే బస్సు, పడవే ఆటో.

2013 డిసెంబరులో పులిచింతల ప్రాజెక్టు ప్రారంభమైన తర్వాత ఏటి ఒడ్డు చేలూ, కొన్ని ఊళ్ళూ నీళ్ళ కిందికి పోయినవి. అరక కట్టిన చోట ఇవాళ వల వేస్తున్నారు. సాగర్ జలాశయం దగ్గర ఈ కథ అంతకు చాలా ముందే జరిగింది. 1955 డిసెంబరు 10న పునాదిరాయి పడింది, లోయ మునిగింది, పాత నాగార్జునకొండ దీవిగా మిగిలింది. అనుపు, విజయపురి సౌత్ దగ్గర వలల మీద బతికే కుటుంబాలలో సముద్రతీర జిల్లాల నుంచి వలస వచ్చినవాళ్ళున్నారు. వీళ్ళలో చాలామందికి పుట్టీ, తెడ్డూ తప్ప మరో ఆధారం లేదు. కొద్దిమంది దగ్గర మాత్రం పాత ఇంజను వుంటుంది. ఒకరు వాడి అమ్మింది, రెండోవాడు వాడి అమ్మింది, మూడోవాడి చేతికి వచ్చింది. ఎన్నేళ్ళదో చెప్పే కాయితం కూడా వుండదు. ఆ పాత ఇంజన్ల గురించే ఇక్కడ చెప్పదలచింది.

అవి వేడెక్కుతాయి. వేడెక్కి పట్టేస్తాయి. ఏటి నడుమ పట్టేస్తాయి. పట్టేసినప్పుడల్లా ఒడ్డు మీద వినపడే మాట ఒక్కటే: "సరంగు చూసుకోలేదు." ఆ మాటలో సగం నిజం వున్నది. చూసుకోవలసింది సరంగే. కాని చూసినదాన్ని బట్టి ఇంజను ఆపే అధికారం అతని చేతిలో వున్నదా లేదా అని ఎవరూ అడగరు.

ముందు ఇంజను సంగతి చెప్పుకుందాం. పడవ వెనక చెక్కకు బిగించి, కాలు నీళ్ళలోకి దించి నడిపే ఈ ఇంజన్ను ఔట్‌బోర్డు ఇంజను అంటారు. అమెరికాలో స్థిరపడిన ఓలే ఎవిన్‌రూడ్ అనే నార్వే మెకానిక్కు 1909లో దీన్ని అమ్మకానికి తెచ్చాడు. మండుటెండలో తెడ్డేసుకుని పోయి ప్రియురాలికి ఐస్‌క్రీం తెచ్చేసరికి అది కరిగిపోయిందనీ, ఆ ఉడుకుమోతుతనం లోంచే ఈ ఇంజను పుట్టిందనీ ఒక కథ వున్నది. కథ నిజమో కాదో గాని, చెమటోడ్చి తెడ్డు వేసినవాడికే ఇంజను విలువ తెలుస్తుందన్నది మాత్రం మనవాళ్ళకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఆ ఎవిన్‌రూడ్ పేరు మీద ఇంజన్ల తయారీని 2020లో ఆపేశారు. కంపెనీ మూతబడ్డా ఇంజను మూతబడదు. బీదవాడి చేతిలో ఇంకా ఇరవై ఏళ్ళు తిరుగుతూనే వుంటుంది.

పొలంలో ఆయిల్ ఇంజను నడిపిన ప్రతివాడికీ దీని లోపలి పని సగం తెలిసినట్టే. మన పంపుసెట్టుకు ఏం చేస్తాం? పంపు తోడిన నీళ్ళలోనే కాస్త చిన్న గొట్టంతో మళ్ళించి ఇంజను ఒంటి చుట్టూ తిప్పుతాం. అవి గోరువెచ్చగా బయటకు వచ్చి కాలవలో పడతాయి. వచ్చిపోయేటప్పుడు ఆ ధార కింద చెయ్యి పెట్టి చూస్తాం. చెయ్యి చుర్రుమంటే ఇంజను ఆపుతాం. పడవ ఇంజను కూడా అంతే. మర చక్రానికి కాస్త పైన, నీళ్ళలో మునిగివుండే చోట, జల్లెడలాంటి సందులుంటాయి. వాటిలోంచి నీళ్ళు లోపలికి పోతాయి. లోపల ఒక రబ్బరు చక్రం వుంటుంది. మెకానిక్కులు ఇంపెల్లరు అంటారు. అరచేతిలో ఇమిడే వస్తువు, దానికి పువ్వు రేకుల్లాగా రబ్బరు రెక్కలు. అది తిరిగి నీళ్ళను పైకి తోస్తుంది. నీళ్ళు సిలిండరు చుట్టూ, హెడ్డు చుట్టూ తిరిగి, పొగతో కలిసి మళ్ళీ ఏట్లో పడతాయి. అందులో కొంచెం మాత్రం పైన ఒక చిన్న రంధ్రంలోంచి సన్నధారగా చిమ్ముతుంది. ఆ ధార సరంగు కోసమే పెట్టింది. నీళ్ళు తిరుగుతున్నాయో లేదో కంటితో చూసుకోవటానికి దానికి మించిన సాధనం లేదు.

కాబట్టి మొదటి పని, తాడు లాగి ఇంజను అందుకోగానే తలకాయ వెనక్కి తిప్పి ఆ ధార చూడటం. ఆ తర్వాత కూడా, ముందున్న దారి ఎన్నిసార్లు చూస్తామో వెనకున్న ధార అన్నిసార్లు చూడాలి. ధార నిన్నటంత దూరం పడుతున్నదా? మధ్య మధ్య తెగుతున్నదా? ఆవిరి కలుస్తున్నదా? వేగం పెంచితే ధార కూడా బలపడాలి. వేగం పెరిగి ధార పెరగలేదంటే రబ్బరు చక్రం అరిగిందనో, సందులకు చెత్త పట్టిందనో అర్థం.

ధార బొత్తిగా రాకపోతే భయపడేముందు ఒక సంగతి గుర్తుంచుకోండి. పని లేని నెలల్లో ఇంజను ఒడ్డున పడివుంటే కుమ్మరి పురుగు ఆ రంధ్రంలో మట్టి పెట్టి గూడు కడుతుంది. మన సరంగు కంటే దానికే ఆ రంధ్రం మీద ధ్యాస ఎక్కువ! ఇంజను ఆపి చీపురుపుల్లతోనో, బిరుసైన నైలాను తాడు ముక్కతోనో పొడిచి చూడండి. చాలాసార్లు రోగం అక్కడే తేలిపోతుంది. అయితే దీనికి రెండో వైపు కూడా వున్నది. ధార వస్తున్నంత మాత్రాన లోపలంతా క్షేమమని కాదు. ధార గొట్టానికి నీళ్ళు అందుతూనే, హెడ్డు చుట్టూ వున్న సన్న దారులు పూడిపోయి వుండవచ్చు. అందుకే కన్నుతో పాటు చెయ్యి కూడా వాడాలి. పది నిమిషాలు నడిచిన తర్వాత ధార కింద చెయ్యి పెడితే గోరువెచ్చగా వుండాలి. చల్లగా, జోరుగా వస్తూ హెడ్డు మాత్రం సలసలా కాగుతుంటే నీళ్ళు పోవలసిన చోటికి పోవటం లేదన్నమాట.

హెడ్డు వేడి చూడటానికి మన పెద్దల పద్ధతి తడి వేలు. నీటి చుక్క వేస్తే నిదానంగా ఆరిపోతే ఫరవాలేదు. చుయ్యిమని ఎగిరిపోతే నూరు డిగ్రీలు దాటిందని లెక్క, అప్పటికే ఆలస్యమైంది. ఈ రకం ఇంజన్లలో చాలావాటికి లోపలి థర్మోస్టాటు 50, 60 డిగ్రీల నడుమ తెరుచుకుంటుంది. దాని మీద ఓ పదీ పదిహేను డిగ్రీలు పెరగటం మామూలే. ఇప్పుడు గురిపెట్టి వేడి చూపించే తుపాకీలాంటి సాధనం కూడా బజారులో దొరుకుతున్నది, ధర మూడు నాలుగు రోజుల కూలికి అటూ ఇటూ. 2020లో కరోనా రోజుల్లో ప్రతి ఆఫీసు గుమ్మంలోనూ మన నుదుటికి గురిపెట్టింది దాని చెల్లెలు. కాని ఆ నుదుటి సాధనం ఇక్కడ పనికిరాదు. మనిషి జ్వరం దాటిన వేడి అది చూపించలేదు. వర్కుషాపుల్లో వాడేది తీసుకోవాలి. తీసుకుని హెడ్డు మీద ఒకే చోట అర్ధరూపాయి బిళ్ళంత నల్ల రంగు వేసి, ఎప్పుడూ ఆ మచ్చ మీదే కొలవాలి. మెరిసే అల్యూమినియం మీద కొలిస్తే అసలు కంటే తక్కువ చూపించి మోసం చేస్తుంది. ఒక రోజు అంకె మీద ఏమీ తేలదు. అదే బరువు, అదే వేగం మీద రోజూ కొలిచి చిన్నపిల్లల కాపీ పుస్తకంలో రాసుకుంటే, వారం వారం రెండేసి డిగ్రీలు ఎక్కుతున్న సంగతి పుస్తకమే చెబుతుంది. అప్పుడు యజమాని ముందు పెట్టటానికి మాట కాదు, లెక్క వుంటుంది.

ఈ లెక్క ఎందుకు కావాలో ఒక సంగతి చెబుతాను. పోయిన వేసవిలో వెనక నీళ్ళ ఒడ్డున ఒక రేవులో ఒక సరంగుతో మాట్లాడాను. ఇంజను ఒకరిది, పడవ ఒకరిది, ఇతనిది రోజు కూలి. నీళ్ళు సన్నగిల్లినాయని సంక్రాంతికే చెప్పాడట.

"పదిసార్లు చెప్పినా అన్నా, రబ్బరు చక్రం మార్పిద్దామని. వస్తున్నయ్ గదరా నీళ్ళు, కోతల కాలం పోనీ, అప్పుడు చూద్దాం అన్నాడు. కోతల కాలం పోకముందే ఇంజనే పోయింది."

"పడవలో ఎంతమంది వున్నారు?"

"పద్నాలుగు మంది ఆడోళ్ళు. మిరపకోతకు పోయి తిరిగొస్తున్నారు. పొద్దుగూకింది. టక్కున పట్టేసింది. తాడు లాగితే రాదు. తెడ్డు ఒక్కటే వుంది. ఎక్కడో కింద ఒడ్డుకు కొట్టుకుపోయినం. ఒక పెద్దమ్మ దిగినాక నన్నేమీ అనలేదు, ఊరికే తల మీద చెయ్యి పెట్టి పోయింది."

ఆ తర్వాత సిలిండరు రీబోరు ఖర్చు అతని కూలిలో కొంచెం కొంచెంగా కోత పడింది. రబ్బరు చక్రం వందల్లో పోయే ఖర్చు. రీబోరు వేలల్లో. వందలు పెట్టవలసినవాడు పెట్టలేదు, వేలు మాత్రం ఇతని నెత్తిన పడ్డవి. ఇటువంటివి పోలీసు స్టేషనుకు పోవు, పేపర్లకు ఎక్కవు. ఎవరూ చావలేదు కదా!

ఇంతకూ ఆ చక్రం ఎందుకంత త్వరగా అరుగుతుంది? ఇక్కడ మన నీళ్ళ సంగతి చెప్పుకోవాలి. సాగర్ నిండు మట్టం 590 అడుగులు. ఎండాకాలానికి 510, 520 అడుగుల దాకా దిగిపోయిన ఏళ్ళున్నాయి. నీరు దిగినకొద్దీ ఒడ్డు అంతా బురద. అక్కడే ఇంజను దించి అక్కడే తాడు లాగితే అది తాగేది నీళ్ళు కాదు, ఒండ్రు. ఇసక రేణువులు రబ్బరు రెక్కలను ఆకురాయి పెట్టినట్టు గీసేస్తాయి. చక్రం కూచునే గిన్నెకు కూడా చారలు పడతాయి. అందుకని నడుం లోతు వచ్చేదాకా గెడతో తోసుకుపోయి, అప్పుడు ఇంజను దించండి. పులిచింతల వెనక నీళ్ళలో వేరే బాధ. మునిగిన చెట్లూ, కంపా, గుర్రపుడెక్క, ఎగువ నుంచి వచ్చే ప్లాస్టిక్ కవర్లు. ఒక్క కవరు చాలు, జల్లెడ సందులకు చెంప మీద చెయ్యి కొట్టినట్టు అతుక్కుపోతుంది. తెగిన వల దారం మర చక్రం ఇరుసుకు చుట్టుకుంటే లోపలి ఆయిల్ సీలు కోసుకుపోతుంది.

నీళ్ళు లేకుండా ఒడ్డు మీద ఒకసారి తిప్పి చూద్దామనే సరదా మనవాళ్ళలో చాలామందికి వున్నది. కొనేవాడికి చూపించటానికీ, పిల్లల్ని సంతోషపెట్టటానికీ! అర నిమిషం చాలు, నీళ్ళ తడి లేని రబ్బరు రెక్కలు రాపిడికి మాడిపోతాయి. తర్వాత నెల రోజులకు ఇంజను వేడెక్కితే ఆ అర నిమిషం ఎవరికీ గుర్తుండదు. నెలల తరబడి కదలకుండా వున్నా రెక్కలు ఒక పక్కకు వంగి గట్టిపడిపోతాయి. కాబట్టి అరగకపోయినా ఏడాదికో రెండేళ్ళకో మార్చాలి. మన బురద నీళ్ళలోనైతే ప్రతి కారుకూ విప్పి చూడాలి.

బురద కడగటానికి మంచి నీళ్ళ డ్రమ్ములో ఇంజను కాలు ముంచి కాసేపు నడపటం మంచి అలవాటే. అయితే ఏ నీళ్ళన్నది చూసుకోవాలి. మనది సున్నపురాతి నేల. బోరు నీళ్ళు కాచే గిన్నె అడుగున తెల్లటి పెచ్చు కట్టటం ప్రతి ఇల్లాలికీ తెలుసు. ఆ పెచ్చే ఇంజను లోపలి సన్న దారుల్లోనూ కడుతుంది. వేడి ఎక్కువున్న చోటే ఎక్కువ కడుతుంది. కాలవలో తేరిన నీళ్ళో, వాన నీళ్ళో మేలు. పెచ్చు పోగొట్టటానికి పాయిఖానా కడిగే ఆసిడు పోసే ఘనులున్నారు. అది పెచ్చుతో పాటు అల్యూమినియాన్ని కూడా తినేస్తుంది.

నీళ్ళు సక్రమంగా తిరుగుతున్నా ఇంజను కాలిపోయే మార్గం ఇంకొకటి వున్నది. ఇది ఈ రోజుల్లో ఎక్కువైంది. పాత ఇంజన్లలో ఎక్కువ భాగం రెండు స్ట్రోకులవి. వాటికి పెట్రోల్లోనే ఆయిలు కలిపి పోస్తాం. ఆయిలు ఖరీదని కొలత తగ్గిస్తే పిస్టను రాపిడికి వేడెక్కుతుంది. బయట ధార చక్కగా పడుతూనే వుంటుంది, లోపల పిస్టను పట్టేస్తుంది. కార్బురేటరు జెట్టుకు నలక పట్టి పెట్రోలు చాలకపోయినా అంతే, మంట వేడి పెరుగుతుంది. ఇప్పుడు దీనికి తోడు ఇథనాలు. 2025 నాటికి దేశమంతటా బంకుల్లో 20 శాతం ఇథనాలు కలిపిన పెట్రోలు వచ్చేసింది. కొత్త కార్లను దానికి తగ్గట్టు మార్చుకున్నారు. ఇరవై ఏళ్ళనాటి పడవ ఇంజన్ను ఎవరు మార్చారు? ఇథనాల్లో ఆక్సిజను వుంటుంది కాబట్టి పాత జెట్టు కొలత మీద నడిస్తే గాలి పాలు ఎక్కువై, ఇంధనం పాలు తక్కువై, ఇంజను ఎక్కువ వేడెక్కుతుంది. పాత రబ్బరు గొట్టాలు ఉబ్బుతాయి. పైగా ఇథనాలు తేమను పీల్చుకుంటుంది. ఏటి గాలిలో మూత సరిగా పడని డబ్బాలో చాలా రోజులుంచితే నీళ్ళూ ఇథనాలూ కలిసి అడుక్కు దిగవచ్చు. ఇంజను తాగేది అడుగునున్నదే. అందుకని డబ్బాలో పాత పెట్రోలు వుంటే, పోసేముందు గాజు సీసాలో పట్టి వెలుతురుకు పెట్టి చూడండి. రెండు పొరలు కనపడితే అది ఇంజనుకు పోయవద్దు. విధానం ఢిల్లీలో తయారైతే దాని వేడి ఇక్కడ సరంగు చేతికి తగులుతున్నది. ఏ ఇంధనానికి ఏ పాత ఇంజను తట్టుకుంటుందో, జెట్టు ఎంత మార్చాలో మత్స్యశాఖ వాళ్ళు ఒక్క పేజీ తెలుగులో అచ్చువేసి రేవుల్లో అంటిస్తే వాళ్ళ సొమ్మేం పోయింది?

గాలితో చల్లబడే డీజిలు ఇంజను, పొడుగాటి ఇరుసు పెట్టుకున్న రకం, నీళ్ళ గొడవ లేనిది. దాని రెక్కల నడుమ దుమ్మూ, నూనె జిడ్డూ పేరుకోకుండా తుడుచుకుంటే చాలావరకు చాలు.

ఏటి నడుమ వేడెక్కితే ఏం చేయాలి? ముందుగా తెలిసే గుర్తులున్నాయి. రంగు మాడిన వాసన, బండి ఎక్కడో పట్టినట్టు వేగం తగ్గటం, లోపల టకటకమని ఇనప చప్పుడు. కొన్ని ఇంజన్లకు వేడెక్కితే మోగే బజరు వుంటుంది. మోగితే చికాకని దాని వైరు పీకేసిన ఇంజన్లు కూడా వుంటాయి. కొనేటప్పుడు అది చూసుకోండి. గుర్తు కనపడగానే వేగం పూర్తిగా తగ్గించాలి. ధార వస్తుంటే ఒకటి రెండు నిమిషాలు నిదానం మీద నడవనిస్తే నీళ్ళే కొంత వేడి లాగేస్తాయి. ధార లేకపోతే వెంటనే ఆపేయాలి. ఆపేముందు, ఆ క్షణంలోనే, లంగరు దించేవాడు లంగరు దగ్గర, తెడ్డు వేసేవాడు తెడ్డు దగ్గర వుండాలి. ప్రవాహంలో ఇంజను ఆపటమంటే ఎడ్లు విప్పిన బండిని వాలులో వదిలినట్టే. తర్వాత ఇంజను కాలు పైకెత్తి సందుల్లో చెత్త తీసేయాలి. కాగుతున్న హెడ్డు మీద ఏటి నీళ్ళు చెంబుతో కుమ్మరించవద్దు. కాలిన రాయి మీద నీళ్ళు పోస్తే పగులుతుంది, ఇదీ అంతే. హెడ్డు వంకరపోయి గాస్కెట్టు వదిలేస్తుంది. అరగంట ఓపిక పట్టాలి.

ఇక్కడే అసలు చిక్కు. ఆ అరగంట ఓపిక ఎవరు పట్టాలి? పడవలో కూలీలకు పొద్దుపోతుంటుంది, ఇంటి దగ్గర పసిపిల్లలుంటారు. మేస్త్రి అరుస్తుంటాడు. యజమానికి ఒక ట్రిప్పు పోతుంది. పదిమంది ఎక్కవలసిన పడవలో ఇరవై మందిని ఎక్కించి, అదే ఇంజన్ను గొంతు చించుకునేలా నడిపించి, వేగం తగ్గిస్తే "నీకు చేతకాదా" అనే లోకంలో, ఇంజను చల్లారేదాకా ఆగుతానని చెప్పగల సరంగు ఎంతమంది? కూలీలం కూడా ఒకమాట అనుకోవాలి. ఎక్కువమంది ఎక్కితే ఇంజను బరువు లాగలేక వేడెక్కుతుంది. సరంగు "ఇక చాలు" అన్నప్పుడు మనలో ఒకరు దిగి తర్వాతి ట్రిప్పుకు ఆగటం కూడా ఇంజను చూసుకోవటంలో భాగమే.

చట్టాలు లేవా అంటే వున్నాయి. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగి నలభై మందికి పైగా చనిపోయారు. అది ఇంజను వేడికి జరిగింది కాదు, వరదలో బోటు నడపటం వల్ల జరిగింది. దాని తర్వాత సాగర్‌తో సహా తొమ్మిది చోట్ల బోట్ల కంట్రోలు రూములు పెడతామని అప్పటి ప్రభుత్వం ప్రకటించింది. 1917 నాటి తెల్లవాళ్ళ చట్టాన్ని తీసేసి 2021లో కేంద్రం కొత్తగా ఇన్‌లాండ్ వెసల్స్ చట్టం తెచ్చింది. ఇంజను పడవకు తనిఖీ, రిజిస్ట్రేషను వుండాలన్నది. మంచిదే. కాని తనిఖీ అధికారి వచ్చే రోజున ఇంజను చల్లగానే వుంటుంది. అది వేడెక్కేది ఫిబ్రవరి మాసం సాయంత్రం, నిండు పడవతో, బురద నీళ్ళలో. ఆ వేళ అక్కడ వుండే తనిఖీ అధికారి సరంగు ఒక్కడే. అతనికి ఆ అధికారం ఏ కాయితం మీదా లేదు.

సరుకు సంగతి మరొకటి. నరసరావుపేట, మాచర్ల బజార్లలో ఆయిల్ ఇంజను నోజులు దొరికినంత తేలిగ్గా పడవ ఇంజను రబ్బరు చక్రం దొరకదు. సముద్రతీరంలో పడవల రేవులున్న ఊళ్ళకు పోవాలి. పోయిరావటానికి రెండు రోజుల పని పోతుంది. సబ్సిడీ మీద ఇంజన్లు ఇచ్చేటప్పుడు ఫొటోలు తీయించుకుంటారు గాని, ఇంజనుతో పాటు రెండు రబ్బరు చక్రాలు, ఒక థర్మోస్టాటు, ఒక గాస్కెట్టు ఇవ్వాలని ఎవరికీ తోచదు. మత్స్య సహకార సంఘాలు ఈ నాలుగు వస్తువులు ఒక పెట్టెలో పెట్టుకుని, వాడినవాడి దగ్గర ఖరీదు తీసుకుని మళ్ళీ కొని పెట్టుకోవచ్చు. దీనికి జీవో అక్కరలేదు, సంఘం తీర్మానం చాలు. ఒకే రకం ఇంజన్లు ఏ రేవులో ఎన్ని వున్నాయో ముందు లెక్క వేసుకోవాలి, ఎందుకంటే ఒకదాని చక్రం ఇంకొకదానికి పట్టదు.

రేవుల వేలం పాటల సంగతి కూడా పట్టించుకోవాలి. రేవును పాడుకున్నవాడు ఎంత కట్టాలి, మనిషికి ఎంత వసూలు చేయాలి అన్నవన్నీ షరతుల కాయితంలో వుంటాయి. అందులో మరి మూడు ముక్కలు చేర్చమని అడగాలి. ఇంజను వేడెక్కిందని సరంగు ఆపితే ఆ గంటకు కూలి కోయరాదు. అరిగిన భాగం మార్చమని సరంగు పుస్తకంలో రాసిన తర్వాత యజమాని మార్చకుండా నడిపించి ఇంజను పోతే, మరమ్మతు ఖర్చు యజమానిదే. లంగరు, రెండు తెడ్లు, మనిషికొక తేలే జాకెట్టు లేని ఇంజను పడవ రేవు వదలరాదు. అర్జీ తెలుగులోనే రాయండి. కింద సరంగులతో పాటు రోజూ ఏరు దాటే కూలీల సంతకాలూ, వేలిముద్రలూ వేయించండి. రెండు కాపీలు పట్టుకుపోయి, ఒకటి ఆఫీసులో ఇచ్చి, రెండో దాని మీద తేదీతో ముద్ర వేయించుకుని తెచ్చుకోండి.